అమెరికా సెట్లర్ల వంశం వెతికేవాళ్ళకి: సెన్సస్, భూమి ఫైలు, పెన్షన్ ఫైలు, డీఎన్‌ఏ... ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

మా అల్లుడు అమెరికన్, మిన్నెసోటాలో పుట్టి పెరిగినవాడు. పోయినసారి అమ్మాయి దగ్గరికి ఆరు నెలలకని వెళ్ళినప్పుడు మనవరాలికి స్కూల్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. మా వైపు పెద్ద కష్టం కాలేదు, తద్దినాల్లో చెప్పుకునే మూడు తరాల పేర్లు నోటికొచ్చు, ఆపైన రెండు తరాలు మా పెదనాన్న ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టి పోయాడు. అటువైపు మాత్రం మా వియ్యపురాలు గారికి తెలిసింది ఒక్క వాక్యం: "మా ముత్తాత 1870లో నార్వే నుంచి నేరుగా ఇక్కడికొచ్చి ప్రభుత్వం ఇచ్చిన భూమి పట్టాడట." సరే అని ఇంటర్నెట్‌లో వెతికితే గంటలో ఎవరో పెట్టిన పెద్ద వంశవృక్షం దొరికింది, 1500ల నాటి మనుషుల దాకా పేర్లున్నాయి. పిల్ల ఎగిరి గంతేసింది. నేను ముప్పై ఏళ్ళు రెవెన్యూ శాఖలో చేసి రిటైరైనవాణ్ణి, కాయితం చూపించని పేరు మీద నాకు నమ్మకం కుదరదు, కూర్చుని తేదీలు ఒక్కొక్కటీ సరిచూశాను. అందులో ఒకావిడ తన తల్లి కంటే రెండేళ్ళు ముందు పుట్టింది.

అక్కణ్ణుంచి ఐదు నెలలు నాకు అదే పని. ఇప్పుడు అమెరికాలో మన పిల్లలు అక్కడివాళ్ళని పెళ్ళి చేసుకుంటున్న ఇళ్ళు చాలా ఉన్నాయి, మనవలు "నేను ఎవరు" అని రెండు వైపులా అడుగుతారు, అందుకని నేను చూసినవాటిలో ఏది దేనికి పనికొస్తుందో, ఎక్కడ డబ్బు పెట్టొచ్చో, ఎక్కడ వద్దో రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పేస్తాను: పందొమ్మిదో శతాబ్దపు సెట్లర్ అయితే, అందులోనూ ప్రభుత్వ భూమి తీసుకున్నవాడైతే, మీ మొదటి యాభై డాలర్లు వెబ్‌సైట్ చందాకి కాకుండా ఆయన భూమి ఫైలుకి పెట్టండి. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

ఏదైనా తెరిచే ముందు నాలుగు ప్రశ్నలు

మనిషి ఏ రాష్ట్రంలో స్థిరపడ్డాడు, సుమారు ఏ దశకంలో, అక్కడే పుట్టినవాడా ఓడ దిగి వచ్చినవాడా, సివిల్ వార్‌లో (ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య యుద్ధం, 1861 నుంచి 1865) సైన్యంలో చేసే వయసులో ఉన్నాడా. ఈ నాలుగింటికి ఉజ్జాయింపుగా సమాధానం ఉంటే చాలు, ఏ రికార్డు ముందు చూడాలో అదే తేలుతుంది. రాష్ట్రం ఎందుకు ముఖ్యమంటే, భూమి విషయంలో అమెరికా రెండు ముక్కలు. 30 రాష్ట్రాల్లో భూమి మొదట కేంద్ర ప్రభుత్వానిది, అక్కడ పట్టా ఇచ్చింది కేంద్రమే, రికార్డు ఒకే చోట ఉంటుంది. మిగతా 20 రాష్ట్రాల్లో, అంటే మొదటి పదమూడు కాలనీలు, వాటిలోంచి విడిపోయిన కెంటకీ, టెన్నెసీ లాంటివి, టెక్సస్, హవాయి, ఇక్కడ కేంద్రం చేతిలో భూమి లేదు, కాబట్టి ఆ రాష్ట్ర రికార్డులూ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులోని దస్తావేజులూ చూసుకోవాలి. మీ పెద్దాయన వర్జీనియాలో ఉంటే నేను కింద భూమి ఫైలు గురించి చెప్పేది వర్తించదు. మిన్నెసోటా, విస్కాన్సిన్, అయోవా, నెబ్రాస్కా, కాన్సస్, డకోటాలు అయితే పూర్తిగా వర్తిస్తుంది.

ఉచిత సైటా, డబ్బు కట్టే సైటా

అందరూ మొదట అడిగేది ఇదే. ఫ్యామిలీసెర్చ్ ఉచితం. లాటర్ డే సెయింట్స్ చర్చి (మార్మన్లు అంటారు) నడుపుతుంది, ఆ చర్చివాళ్ళు 1894లో యూటాలో పెట్టిన వంశావళి సంస్థే దీనికి మూలం, 1938 నుంచి ప్రపంచమంతా తిరిగి రికార్డులు మైక్రోఫిల్మ్ తీశారు, ఆ 24 లక్షల రీళ్ళని డిజిటైజ్ చేయడం 2021కి పూర్తి చేశారు. ఖాతా తెరవడానికి పైసా అడగరు, ఏ మతంవాళ్ళైనా తెరవొచ్చు. ఆన్సెస్ట్రీ డబ్బు కట్టేది, మేము కట్టినప్పుడు అమెరికా రికార్డుల ప్లాన్‌కి నెలకు పాతిక డాలర్ల దాకా అయింది. వెతకడం దీంట్లో తేలిక, పేరు కాస్త తప్పు కొట్టినా పట్టుకుంటుంది, లూథరన్ చర్చి రిజిస్టర్ల లాంటివి దీంట్లో బాగా ఉన్నాయి.

నా సలహా: మొదటి రెండు నెలలు ఫ్యామిలీసెర్చ్ ఒక్కటే వాడండి. ఆన్సెస్ట్రీ కావాల్సి వస్తే అమెరికాలో మీరున్న ఊరి పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళండి, చాలా లైబ్రరీల్లో దాని లైబ్రరీ ఎడిషన్ ఉచితంగా పెట్టారు, అక్కడే కూర్చుని చూసుకుని కాపీలు మెయిల్‌కి పంపుకోవచ్చు. మేము ఈ సంగతి తెలియక మూడు నెలలు చందా కట్టాం. రెండు వారాల ట్రయల్ తీసుకునే పక్షంలో వెతకాల్సిన పేర్ల జాబితా ముందు తయారుచేసుకుని అప్పుడు తీసుకోండి, రద్దు చేయాల్సిన తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకోండి.

ఈ రెంటికీ ఉన్న ఇంకో తేడా చాలామంది గమనించరు. ఫ్యామిలీసెర్చ్‌లో ప్రపంచానికంతా ఒకే చెట్టు, ఎవరైనా వచ్చి మార్చేయొచ్చు, మీరు సరిదిద్దిన తేదీని రేపు ఇంకొకరు మళ్ళీ తప్పు చేసి పోవచ్చు. ఆన్సెస్ట్రీలో ఎవరి చెట్టు వారిది, కాని ఒకరి తప్పుని వందమంది కాపీ చేసుకుంటారు, వంద చోట్ల కనబడేసరికి నిజమేమో అనిపిస్తుంది. వికీట్రీ అని ఉచితమైనది ఇంకొకటి ఉంది, అక్కడ ఆధారం పెట్టమని గట్టిగా అడుగుతారు, అందుకని చెట్ల వరకు నాకు అదే నచ్చింది. ఏ సైటులో అయినా ఇతరులు గీసిన చెట్టుని ఒక ఆచూకీగా మాత్రమే తీసుకోండి. ఊళ్ళో ఎవరో చెప్పారని హద్దు రాయి పాతం కదా, ఇదీ అంతే.

సెన్సస్: మొదట చూడాల్సిందే, కాని దాంతో ఆగిపోవద్దు

జనాభా లెక్కలు 1790 నుంచి పదేళ్ళకోసారి తీశారు. 1840 దాకా ఇంటి పెద్ద పేరు ఒక్కటే, మిగతావాళ్ళు వయసు గళ్ళలో అంకెలు. 1850లో మొదటిసారి ఇంట్లో ప్రతి ఒక్కరి పేరూ, వయసూ, పుట్టిన రాష్ట్రమో దేశమో రాశారు. అది కూడా స్వేచ్ఛగా ఉన్నవాళ్ళకే. బానిసలుగా ఉన్నవాళ్ళని 1850, 1860లలో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రం రాసి వదిలేశారు, దాదాపు అందరినీ పేరు లేకుండానే. వాళ్ళ పేర్లు కనబడేది 1870 నుంచి. వెతికేవాళ్ళు నల్లజాతి కుటుంబంవాళ్ళైతే ఈ గోడ దగ్గర ఎంతమంది ఆగిపోతారో తలుచుకుంటే మనసు భారమవుతుంది.

1880లో ఇంటి పెద్దకి ఎవరు ఏమవుతారో మొదటిసారి రాశారు, తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారో కూడా. అంతకు ముందు జాబితాల్లో ఒకే ఇంట్లో ఉన్న ఆడమనిషి భార్యో చెల్లెలో ఊహించుకోవలసిందే. 1890వి పోయాయి, 1921 జనవరిలో వాషింగ్టన్‌లో భవనం తగలబడి చాలా కాయితాలు పాడయ్యాయి, మిగిలినవాటిని కూడా తర్వాత పారేశారు. అంటే 1880కి 1900కి మధ్య ఇరవై ఏళ్ళ ఖాళీ. సెట్లర్ల వంశాలు తెగిపోయేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే పిల్లలు పెద్దై పెళ్ళిళ్ళు చేసుకుని పడమటికి పోయిన కాలం అదే. ఈ ఖాళీకి మందు రాష్ట్రాల సెన్సస్. మిన్నెసోటా, విస్కాన్సిన్, కాన్సస్, అయోవా 1885లోనూ 1895లోనూ సొంతంగా లెక్కలు తీశాయి, కాన్సస్ 1875లో "కాన్సస్‌కి ఎక్కడి నుంచి వచ్చావు" అని కూడా అడిగింది. నెబ్రాస్కాకీ, అప్పటికి ఇంకా రాష్ట్రం కాని డకోటా టెరిటరీకీ 1885ది ఉంది. 1900 సెన్సస్‌లో పుట్టిన నెల, సంవత్సరం, వలస వచ్చిన ఏడాది, ఆడవాళ్ళకైతే ఎంతమందిని కన్నారు ఎంతమంది బతికున్నారు అనే రెండు గళ్ళు. ఆ రెండు గళ్ళని తప్పకుండా చూడండి.

సెన్సస్ ఎక్కడ సరిపోదో చెప్పడానికి చార్లెస్ ఇంగల్స్ అనే సెట్లర్ మంచి ఉదాహరణ, కూతురు రచయిత్రి కావడం వల్ల ఆ కుటుంబం బాగా తెలిసిన కుటుంబం. ఆయన 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో క్యూబా అనే ఊళ్ళో పుట్టాడు, విస్కాన్సిన్‌లో పెళ్ళి చేసుకున్నాడు, 1870 సెన్సస్ నాటికి కాన్సస్‌లో మాంట్‌గోమరీ కౌంటీలో ఉన్నాడు, 1880లో డకోటా టెరిటరీలో డి స్మెట్‌లో. ఈ రెంటికీ మధ్య ఆ కుటుంబం మళ్ళీ విస్కాన్సిన్‌కి వెళ్ళింది, తర్వాత మిన్నెసోటాలో వాల్‌నట్ గ్రోవ్, అయోవాలో బర్ ఓక్, మళ్ళీ వాల్‌నట్ గ్రోవ్. 1875లో ఒక మగపిల్లాడు పుట్టి తొమ్మిది నెలలకే పోయాడు, పదేళ్ళకోసారి తీసే కేంద్ర లెక్కల్లో ఆ బిడ్డ పేరు ఎక్కే అవకాశమే లేదు. ఇంకో విషయం, కాన్సస్‌లో ఆయన ఉన్న నేల అప్పటికి ఓసేజ్ అనే అమెరికా ఆదివాసులది, ఆయనకి దాని మీద హక్కు లేదు, కాబట్టి అక్కడ భూమి పట్టా వెతికితే దొరకదు, సెన్ససే ఆధారం. డకోటాలో 1880లో దరఖాస్తు పెట్టి 1886లో షరతులు నెరవేర్చినట్టు రుజువు చేసి భూమి దక్కించుకున్నాడు, అక్కడికి భూమి ఫైలు ఉంది. ఒకే మనిషికి ఒక చోట సెన్సస్ నెగ్గింది, ఇంకోచోట ఫైలు నెగ్గింది.

భూమి ఫైలు: నా ఓటు దీనికే

హోమ్‌స్టెడ్ చట్టం మీద లింకన్ 1862 మే 20న సంతకం చేశాడు, 1863 జనవరి 1 నుంచి అమలు. ఇరవై ఒకటి నిండినవాడో ఇంటి పెద్దో అయి, పౌరుడు గానీ పౌరుడు కావాలని డిక్లరేషన్ ఇచ్చినవాడు గానీ అయి, అమెరికా ప్రభుత్వం మీద ఆయుధం ఎత్తనివాడైతే 160 ఎకరాలు. ఐదేళ్ళు అక్కడే ఉండాలి, ఇల్లు కట్టాలి, సాగు చేయాలి, ఆ తర్వాత సాక్షులని తెచ్చి రుజువు చేసుకోవాలి, అప్పుడు పట్టా. ఒంటరి ఆడవాళ్ళకి, భర్త పోయినవాళ్ళకి కూడా ఇచ్చారు. మొదటి రోజే దరఖాస్తు పెట్టిన డేనియల్ ఫ్రీమన్ భూమి నెబ్రాస్కాలో బియాట్రిస్ దగ్గర ఇప్పటికీ నేషనల్ పార్కుగా ఉంది. మొత్తం 16 లక్షల పైచిలుకు పట్టాలు ఇచ్చారు.

ఇది చదువుతుంటే నాకు మన డి.కె.టి. పట్టాలే గుర్తొచ్చాయి. ప్రభుత్వ భూమి, దరఖాస్తు, సాగు చేయాలన్న షరతు, విచారణ, పట్టా. మన దగ్గర పనిచేసినవాళ్ళకి తెలుసు, పట్టా కాయితం మీద ఉండేది పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, అంతే. అసలు కథంతా దాని వెనక ఫైల్లో ఉంటుంది: ఆ మనిషి ఎప్పటి నుంచి సాగులో ఉన్నాడు, ఇంట్లో ఎవరెవరు, చుట్టుపక్కల రైతులు ఏమని వాంగ్మూలం ఇచ్చారు. అమెరికాలోనూ అచ్చం ఇంతే. జనం పట్టా దగ్గర ఆగిపోతున్నారు, ఎందుకంటే అది ఉచితంగా దొరుకుతుంది. బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ వాళ్ళ జనరల్ లాండ్ ఆఫీస్ సైటులో పేరు, రాష్ట్రం కొడితే పట్టా బొమ్మ, భూమి వివరం, మ్యాపు వచ్చేస్తాయి. అది ఫ్రేము కట్టించుకుని గోడకి తగిలించుకుంటారు. సంతోషమే, కాని అందులో వంశం గురించి ఏమీ ఉండదు.

ఆ సైటులో చూసి రాసుకోవాల్సింది లాండ్ ఆఫీసు పేరు, సర్టిఫికెట్ నంబరు, భూమి వివరం. అక్కడి సర్వే పద్ధతి మన సర్వే నంబర్ల కంటే తేలిక, ఆరు మైళ్ళు బై ఆరు మైళ్ళు ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు, అందులో నాలుగో వంతు 160. ఈ వివరాలతో వాషింగ్టన్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌కి 84వ నంబరు ఫారంతో ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మేము తెప్పించినప్పుడు 50 డాలర్లు. నెబ్రాస్కా ఫైళ్ళు ఇప్పటికే డిజిటైజ్ అయి ఉన్నాయి, మరికొన్ని చోట్లవి కూడా అవుతున్నాయి, అందుకని డబ్బు కట్టే ముందు ఆన్‌లైన్‌లో ఉందేమో ఒకసారి చూసుకోండి.

ఫైల్లో ఏముంటుంది? రుజువు రోజున అడిగిన ప్రశ్నలూ జవాబులూ. వయసెంత, ఎక్కడ పుట్టావు, ఇల్లు ఎప్పుడు కట్టావు, ఎంత పొడుగు ఎంత వెడల్పు, కుటుంబంలో ఎంతమంది, ఎన్నాళ్ళు ఊళ్ళో లేకుండా పోయావు, ఎందుకు, ఎన్ని ఎకరాలు దున్నావు, బావి ఉందా, పశువుల కొట్టం ఉందా. ఇద్దరు ఇరుగుపొరుగు సాక్షుల వాంగ్మూలం. ఓడ దిగి వచ్చినవాడైతే పౌరసత్వ కాయితాల నకలు ఉంటుంది, ఇది బంగారం లాంటిది, ఎందుకంటే 1906కి ముందు పౌరసత్వం ఏ కోర్టులోనైనా తీసుకోవచ్చు, ఆ కోర్టు ఏదో తెలియకపోతే ఎక్కడని వెతుకుతారు? ఫైలే ఆ కోర్టు పేరు చెబుతుంది. 1880ల తర్వాతి ఫైళ్ళు వివరంగా ఉంటాయి, మొదట్లోవి కొంచెం పొట్టిగా.

మా వియ్యపురాలి ముత్తాత ఫైల్లో ఏం బయటపడిందంటే సైన్యం నుంచి విడుదల చేసిన కాయితం నకలు. 15వ విస్కాన్సిన్ రెజిమెంటు. అది ఎక్కువమంది నార్వేవాళ్ళతో కూడిన దళం, దాని కర్నల్ హాన్స్ క్రిస్టియన్ హెగ్ 1863లో చికమాగా యుద్ధంలో చనిపోయాడు. సైన్యంలో చేసినవాళ్ళకి ఆ సర్వీసు కాలాన్ని ఐదేళ్ళలోంచి తగ్గించుకునేందుకు 1872లో చట్టం చేశారు, అందుకే ఆ కాయితం ఫైల్లో పెట్టాడు. అంటే ఆయన 1870లో నార్వే నుంచి నేరుగా రాలేదు, పదేళ్ళ ముందే విస్కాన్సిన్‌లో ఉన్నాడు, యుద్ధం చేశాడు. నూట యాభై ఏళ్ళుగా ఇంట్లో చెప్పుకుంటున్న కథ ఒక్క కాయితంతో మారిపోయింది. వియ్యపురాలు గారు ఆ కాపీ చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

భూమి ఫైలు వద్దనుకోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. మీ పెద్దాయన డబ్బు కట్టి, ఎక్కువచోట్ల ఎకరా డాలరుంపావు రేటుకి, కొనుక్కుని ఉంటే ఆ ఫైల్లో చాలావరకు ఒక రసీదే ఉంటుంది, 50 డాలర్లు దండగ. సైనికులకి ఇచ్చిన భూమి వారెంటు (ఇంత భూమి తీసుకోవచ్చని ఇచ్చిన హక్కు కాయితం) అయితే పట్టా మీద తరచుగా రెండు పేర్లుంటాయి, వారెంటు వచ్చినవాడిది ఒకటి, దాన్ని కొనుక్కుని భూమి తీసుకున్నవాడిది ఒకటి, అక్కడ ఉండే అవకాశం రెండోవాడికే ఎక్కువ. ఇక దరఖాస్తు పెట్టి మధ్యలో వదిలేసి పోయినవాళ్ళు చాలామంది, వాళ్ళకి పట్టా లేదు కాబట్టి ఆ సైటులో పేరు రాదు. అలాంటివాళ్ళని ట్రాక్ట్ బుక్కుల్లో వెతకాలి, మన అడంగల్ లాగా భూమి వరసన రాసిన పెద్ద రిజిస్టర్లు, ఫ్యామిలీసెర్చ్‌లో బొమ్మలు ఉచితంగా ఉన్నాయి, ఓపిక కావాలి.

ఇంకో సంగతి, ఆ లాండ్ ఆఫీస్ సైటులో మీ మనిషి పేరు ఒక్కటే కాకుండా ఆ టౌన్‌షిప్ మొత్తం పేర్లు తీసి చూడండి. పక్క సెక్షన్లో ఉన్నవాడు చాలాసార్లు బావమరిదో, ఒకే ఊరినుంచి కలిసి వచ్చినవాడో. మన నిజామాబాద్ వైపు కాలవ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళని సెట్లర్లనే అంటారు కదా, వాళ్ళు కూడా ఒక ఊరివాళ్ళంతా ఒకచోటే దిగారు, అలాగే.

ఆ భూమి ఖాళీది కాదని కూడా రాసుకోండి. పశ్చిమ మిన్నెసోటా భూములు డకోటా అనే ఆదివాసుల నుంచి 1851 ఒప్పందాలతో తీసుకున్నవి, ఇస్తామన్నది సరిగ్గా ఇవ్వలేదు, 1862లో యుద్ధం వచ్చింది, ఆ డిసెంబరు 26న మాన్‌కాటోలో ఆ డకోటావాళ్ళలో 38 మందిని ఒకేసారి ఉరితీశారు. మనవరాలి చార్టులో ఆ పట్టా పక్కన ఈ రెండు వాక్యాలు కూడా రాయించాను. ఆ పిల్లకి రెండూ తెలియాలి.

పెన్షన్ ఫైలు: ఖరీదెక్కువ, కాని ఆడవాళ్ళ పేర్లు దొరికేది ఇక్కడ

ఉత్తరాది సైన్యంలో చేసినవాడికి గానీ ఆయన భార్యకి గానీ కేంద్రం పెన్షన్ ఇచ్చింది. ముందు ఇండెక్స్ చూసుకోండి, ఫ్యామిలీసెర్చ్‌లో ఉంది, దాంట్లో దరఖాస్తు నంబరు, సర్టిఫికెట్ నంబరు దొరుకుతాయి, వాటితో 85వ నంబరు ఫారం. మేము కట్టింది 80 డాలర్లు, వంద పేజీల వరకు. దక్షిణాది సైన్యంవాళ్ళకి కేంద్రం ఇవ్వలేదు, ఆ రాష్ట్రాలు ఇచ్చాయి, కాబట్టి వాటి ఆర్కైవ్స్‌లో వెతకాలి.

భూమి ఫైలుకీ దీనికీ తేడా ఏమిటంటే, భూమి ఫైలు మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో చెబుతుంది, పెన్షన్ ఫైలు ఇంట్లో ఎవరున్నారో చెబుతుంది. భర్త పోయాక భార్య పెన్షన్ అడగాలంటే పెళ్ళయిందని రుజువు కావాలి, పిల్లల పుట్టిన తేదీలు కావాలి, అంతకు ముందు ఇద్దరిలో ఎవరికైనా పెళ్ళయి ఉంటే ఆ మనిషి పోయినట్టు ఆధారం కావాలి. కొంతమంది ఇంటి బైబిల్లో పేర్లు రాసిన పేజీని చింపి పంపించేశారు, అవి ఇప్పటికీ ఆ ఫైళ్ళలోనే ఉన్నాయి. మాకు వచ్చిన ఫైల్లో ముత్తాతగారి భార్య వేలిముద్ర కింద తొమ్మిది మంది పిల్లల పేర్లు వరసగా ఉన్నాయి. మా వియ్యపురాలికి ఏడుగురే తెలుసు.

సైన్యంలో చేసిన ఆనవాలు ఉంటే, భూమి డబ్బిచ్చి కొన్నదైతే, భూమి ఫైలు వదిలేసి నేరుగా దీనికే వెళ్ళండి. రెండూ ఉంటే భూమి ఫైలు ముందు.

పుట్టిన సర్టిఫికెట్లు, పత్రికలు, సమాధులు

పుట్టిన సర్టిఫికెట్ కోసం ముందే పరిగెత్తొద్దు. మసాచుసెట్స్ 1841 నుంచే నమోదు చేసింది కాని, మిచిగన్ 1867, అయోవా 1880, మిసోరీ 1910, కాన్సస్ 1911. మీ మనిషి 1850లో మిసోరీలో పుడితే ఆ సర్టిఫికెట్ అసలు లేదు, లేని కాయితానికి ఫీజు కట్టకండి. పెళ్ళిళ్ళ రిజిస్టర్లు మాత్రం కౌంటీల్లో చాలా ముందు నుంచీ ఉన్నాయి.

పాత పత్రికలకి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ క్రానిక్లింగ్ అమెరికా ఉచితం, మిన్నెసోటావాళ్ళకి ఆ రాష్ట్ర చరిత్ర సొసైటీ పెట్టినది ఇంకా బాగుంది. 1879 నుంచి హోమ్‌స్టెడ్ రుజువు చేసుకునే ముందు పత్రికలో నోటీసు వేయాల్సి వచ్చేది, సాక్షుల పేర్లతో సహా, అది దొరికితే ఫైలు వచ్చేలోపు పని నడుస్తుంది. ఫైండ్ ఎ గ్రేవ్ అనే సమాధుల సైటులో రాయి ఫోటో ఉంటే నమ్మండి, ఫోటో లేకుండా కింద రాసిన బంధుత్వాలని నమ్మొద్దు.

డీఎన్‌ఏ గురించి మా అల్లుడు మొదటి రోజే అన్నాడు, పరీక్ష చేయించేద్దామని. ముత్తాత నుంచి మనిషికి సుమారు ఎనిమిదో వంతు వస్తుంది, తరం దిగినకొద్దీ సగం అవుతుంది, కాబట్టి చేయించేట్టయితే ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళకి చేయించాలి, మనవరాలికి కాదు. అది చెప్పేది ఫలానావాళ్ళు మీకు చుట్టాలని, ఎలా చుట్టాలో మళ్ళీ కాయితాలతోనే తేల్చుకోవాలి. కాయితాలు ఒకచోట ఆగిపోయి, రెండు ఊహల్లో ఏది నిజమో తేలనప్పుడు దీని వంతు. ఇంట్లో ఎవరూ ఊహించని నిజాలు కూడా బయటపడతాయి, అందుకని ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోండి. మేము ఇంకా చేయించలేదు.

సముద్రం దాటి వెనక్కి వెళ్ళాలంటే

ఇక్కడ చాలామంది ఓడల జాబితాలతో మొదలుపెడతారు. అది చివర్న చేయాల్సిన పని. ఎలిస్ ఐలాండ్ తెరిచింది 1892లో, అంతకు ముందు వచ్చినవాళ్ళు అక్కడ దొరకరు, పాత జాబితాల్లో ఊరి పేరు తరచుగా ఉండదు, దేశం పేరుతో సరిపెట్టారు. జర్మన్లకి హాంబర్గ్ ఓడల జాబితాలు మినహాయింపు, 1850 నుంచి ఊరి పేరు రాసి ఉంటాయి. అందరికీ పనికొచ్చేది మాత్రం అమెరికాలో వాళ్ళు వెళ్ళిన చర్చి రిజిస్టరు. పాస్టర్ సొంత దేశంవాడే కాబట్టి వచ్చినవాళ్ళ పుట్టిన ఊరిని సరిగ్గా రాసేవాడు.

నార్వేవాళ్ళ పేర్ల గురించి తెలియకపోతే తికమకపడతారు. వాళ్ళకి మొదట్లో స్థిరమైన ఇంటిపేరు లేదు. లార్స్ కొడుకు ఊలె అయితే ఊలె లార్సెన్, ఆ ఊలె కొడుకు పేడర్ అయితే పేడర్ ఊల్సెన్. ఆ పేరు పక్కన తాము ఉంటున్న పొలం పేరు, పొలం మారితే ఆ పేరూ మారేది. 1923లో చట్టం వచ్చాకే నార్వేలో ఇంటిపేర్లు నిలిచాయి. అమెరికా వచ్చాక కొందరు తండ్రి పేరు ఉంచుకున్నారు, కొందరు పొలం పేరు పెట్టుకున్నారు, ఒకే తల్లి పిల్లలు ఇద్దరు రెండు ఇంటిపేర్లతో ఉంటారు. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ళ పేర్లే కాబట్టి పొలం పేరు ఇంటిపేరు కావడం నాకు వెంటనే అర్థమైంది, మా అల్లుడికి అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. పొలం పేరు దొరికిందంటే నార్వే వైపు పని తేలిక, డిజిటల్‌ఆర్కివెట్ అనే నార్వే జాతీయ ఆర్కైవ్స్ సైటులో వాళ్ళ పాత చర్చి రిజిస్టర్లు ఉచితంగా ఉన్నాయి. భాష రాకపోయినా తేదీలూ పేర్లూ పోల్చుకోవచ్చు.

విస్కాన్సిన్ చర్చి రిజిస్టర్లో మాకు ముత్తాతగారి ఊరు దొరికింది, అక్కడి నుంచి ఆయన తండ్రి, తాత దాకా వెళ్ళగలిగాం, ప్రతి పేరుకీ పేజీ బొమ్మ ఉంది. ఆయన భార్య సంగతి మిగిలింది. అమెరికా కాయితాల్లో అన్నిచోట్లా భర్త ఇంటిపేరుతోనే ఉంది, పెన్షన్ ఫైల్లో పెళ్ళి రుజువు దగ్గర ఒక్కచోట తండ్రి పేరుకి "డాటర్" (ఫలానావాడి కూతురు అని) తగిలించిన పాత నార్వే పేరుంది, ఊరు లేదు. మాడిసన్‌లో నార్వేవాళ్ళ వంశాల కోసమే ఒక లైబ్రరీ ఉంది, వాళ్ళకి ఆ పేజీ కాపీ జతచేసి ఉత్తరం రాశాం. నేను తిరిగొచ్చే రోజు దాకా జవాబు రాలేదు. మనవరాలు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మెయిల్‌బాక్స్ తెరిచి చూపిస్తోంది.